నూలుతో గట్టిన యిల్లు

శ్రీ గురుబసవలింగాయ నమః



మన తెలుగుభాషలో ‘కుదురు’ అను చిన్న మాట యొకటి కలదు. అడుగు గుండ్రనైన కుండ నేలపై నిలువదు, దొరలిపోవును. అది దొరలకుండ దాని క్రింద నుంచు గడ్డిచుట్టకు కుదురని పేరు. నీళ్లకు బోవు తల్లి గుడ్డను చుట్టగా జుట్టి తలపై నుంచుకొని, దానిమీద బిందె నిలుపును; అది చుట్టకుదురు. చెట్టు మొదట నీరు నిలుచుటకై కట్టు పాదును గూడ కుదురనియే యందురు. చిత్తము చలింపక యొక్కచోట నిలిచినపుడు ‘మనసు కుదురుగా నున్నది’ అనుకొందుము. ఇల్లు చక్కగా సాగుచున్నపుడు ‘కుదురైన సంసారము’ అని మెచ్చుకొందుము. కుండకును, చెట్టునకును, మనస్సునకును, సంసారమునకును ఒక్క మాటయే చెల్లుటను గమనింపుడు. పైనున్న దానిని నిలుపుటకై తాను క్రింద నుండునది యేదియో, అదియే కుదురు. ఈ యుపన్యాసమునకు విషయమును ఆ మాటయే.

కాలము మారినది. కట్టెల పొయ్యి స్థానమున గ్యాసు పొయ్యి వచ్చినది. గుండ్రని మట్టికుండకు బదులు అడుగు చదునైన స్టీలు గిన్నెయు, ప్రెషరు కుక్కరును వచ్చినవి. అవి దొరలవు, కాని కాల్చును. పొయ్యిమీది నుండి దించిన గిన్నెను భోజనపు బల్లపై నుంచినచో బల్లపూత పొక్కిపోవును. మసిగుడ్డతో పట్టుకొని దించిన గిన్నెకు మరల క్రింద నొక యాధారము కావలసివచ్చినది. అందుచేత మన యిండ్లలోని తల్లులు, ఆడపడుచులు, కోడండ్రు కొక్కెపు సూదితో నూలుదారమును అల్లి కుదుళ్లు చేయుచున్నారు. దీనిని క్రోషియా అల్లిక యందురు. కొందరు గుండ్రముగా నల్లుదురు. కొందరు పద్మాకారముగా నల్లుదురు. మరికొందరు ఇంటి యాకారమున నల్లుదురు. క్రింద నాలుగు పలకల గోడ, పైన ముక్కోణపు కప్పు, నడుమ వేరు రంగు దారముతో తలుపు, శిఖరమున మేకునకు దగిలించుటకొక ఉంగరము. చూచుటకు ముచ్చటగా నుండును.

ఇట్టి యిల్లాలిని చూచి ఇంటివారు సామాన్యముగా ననుమాట యొకటి యున్నది. “ఏమియు తోచక అల్లుకొనుచున్నది” అందురు. ఆమెయు నవ్వి, “ఔను, ఊసుపోక చేయుచున్నాను” అనును. మాట చిన్నదే. కాని బసవేశ్వరుని పేరు చెప్పుకొను ఇంటిలో ఈ మాట వినబడవచ్చునా యని మనము విచారింపవలెను. ఇంటిలోపల చేతులతో జరుగు పని కాయకమా, కాలక్షేపమా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొననిచో మన యిండ్లలో సగముమంది జీవితమును మన ధర్మము వెలుపల నుంచినవార మగుదుము.

కాయముతో జేయునది కాయకము. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులను, ఆయనకు పూర్వులైన శరణులను తలచుకొనుడు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. జేడర దాసిమయ్య మగ్గము నేసెను. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య తోలుపని వారు. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. వీరిలో నెవ్వరును తమ పనిని విడిచి భక్తులైనవారు గారు, పనిలోనే భక్తులైనవారు. కాయకమునందు పెద్దది, చిన్నది యను భేదమును బసవేశ్వరుడు పాటింపలేదు. కాని కాయకమునకు లక్షణములు లేకపోలేదు. శరణుల చరిత్రలను పరిశీలించినచో మూడు లక్షణములు స్పష్టముగా గోచరించును. సాధనము శుద్ధముగా నుండవలెను. లెక్క సత్యముగా నుండవలెను. ఫలము దాసోహముగా నర్పితము కావలెను.

ఆయ్దక్కి లక్కమ్మ కథ మీరందరు నెరిగినదే. ఆమె భర్త మారయ్య బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యముకంటె నెక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యాశ మనకెక్కడిది యని మందలించి, ఎక్కువైన దానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెను. ఈ కథయందు కాయకపు లెక్క చూచినది ఎవరు? వీధిలో పనిచేసిన భర్త గాదు. వంటింటిలో చేటబట్టిన భార్య. కాయక ధర్మమును నిలిపిన ఆ చేతులు ఇంటిలోపలి చేతులు. ఇక ఇంటి పనికి కాయకమను పేరు తగునా యని సందేహింప బనిలేదు.

నులియ చందయ్య చెరువున బెరిగిన గడ్డిని కోసి తెచ్చి, నలిచి, త్రాళ్లు పేని యమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము సలిపెడివాడు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీట జారెననియు, ఆయన కాయకము విడువక సాగిపోగా లింగమే ఆయన వెంట వచ్చెననియు శరణకథలలో చెప్పుదురు. లింగమును లక్ష్యపెట్టవలదని ఈ కథ చెప్పుట లేదు. చేతిలోని పనిని సత్యముగా జేయువానిని విడిచి లింగము ఉండజాలదని చెప్పుచున్నది. గడ్డిపోచను త్రాడుగా బేనుటకును, నూలుపోగును కుదురుగా నల్లుటకును దూరమెంత? పదార్థము వేరు, చేతి కదలిక యొక్కటే. కావున ఆ మూడు లక్షణములును ఇంటి కుదురునందు గలవో లేవో యొక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది సాధనశుద్ధి. బజారులో రెండు విధములైన దారపు ఉండలు దొరకును. ఒకటి నూలు. మరియొకటి ఆక్రిలిక్ మొదలగు కృత్రిమ దారము. రెండవది రంగులలో మెరయును, మెత్తగా నుండును, పెక్కు తావుల చవుకగా దొరకును. స్వెటరునకో, బొమ్మకో అది పనికివచ్చును. కుదురునకు మాత్రము పనికిరాదు. మిక్కిలి వేడి గిన్నెను దానిపై నుంచినచో అది మెత్తబడి, కరగి, గిన్నె యడుగునకును బల్లకును అంటుకొనును. నూలు అట్లు కరగదు. మితిమీరిన వేడికి కమలవచ్చును గాని అంటుకొని హాని చేయదు. దారము కొన్నపుడు నమ్మకము లేనిచో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒక పోగును పటకారుతో బట్టుకొని, పిల్లలను దూరముగా నుంచి, దీపమునకు జూపుడు. నూలైనచో కాగితము కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిదయై రాలును. కృత్రిమమైనచో ముడుచుకొని, కరగి, గట్టి నల్లని పూసవలె మిగులును.

ఈ పరీక్షను చూచినపుడు ఫాలమున విభూతి ధరించు మనకు ఒక యాలోచన కలుగక మానదు. అగ్నిలో బడినపుడు ఒకటి భస్మమగును; మరియొకటి గడ్డకట్టి తన గట్టితనమును తానే నిలుపుకొనును. ఇంటిలో కష్టము వచ్చినపుడు, మాట వేడెక్కినపుడు మనలోని అహంకారము భస్మమగుచున్నదా, లేక ముద్దకట్టి ఎదుటివారికి అంటుకొని కాల్చుచున్నదా? ప్రతిదినము ఉదయమున మూడువ్రేళ్లతో విభూతి నలందుకొను వేళ ఈ ప్రశ్న వేసికొన్నచో ఆ ధారణకు సార్థకత కలుగును.

రెండవది లెక్కలోని సత్యము. ఇంటి యాకారపు కుదురు నల్లుట కష్టమైన విద్య గాదు. మోస్తరు లావుగల నూలును, 4 మిల్లీమీటర్ల సూదిని గ్రహింపవలెను. ముందుగా 27 గొలుసు కుట్లు వేసి, సూది నుండి రెండవ గొలుసుతో మొదలుపెట్టి వరుసకు 26 ఒంటికుట్లు అల్లవలెను. ప్రతి వరుస చివర నొక గొలుసు వేసి త్రిప్పి, 26 వరుసలు అట్లే నిలువుగా సాగినచో గోడ యేర్పడును. ఆ తరువాత ప్రతి వరుసకును మొదట రెండు కుట్లను ఒకటిగాను, చివర రెండు కుట్లను ఒకటిగాను కలుపుచు పోవలెను. వరుసకు రెండు చొప్పున తరిగి 12 వరుసలు ముగియునప్పటికి 2 కుట్లు మిగులును. ఆ రెంటిని కలిపినచో కప్పుకొన సిద్ధించును. అక్కడ 12 గొలుసులతో ఉంగరము వేయవచ్చును. ఇట్టివి రెండు ముక్కలు చేసి, ఒకదానిపై నొకటి యుంచి, అంచులను చుట్టును కుట్టి కలుపవలెను; ఉంగరము ఒక ముక్కకే చాలును. ఒంటిపొర చాలదు. అల్లికలో సందులుండును, వేడి వాని గుండ దిగును. రెండు పొరల నడుమ నిలిచిన గాలియే వేడిని ఆపును.

ఇందులో తరచుగా వచ్చు చిక్కు ఒకటి కలదు. వరుస చివరి కుట్టు మడతలో దాగి కంటికి సరిగా కనబడదు. తొందరలో దానిని విడిచి త్రిప్పివేయుదురు. 26 ఉండవలసిన చోట 25 అగును. మరి రెండు వరుసలకు 24 అగును. చేతిలో నున్నంతసేపు తెలియదు. పది వరుసలైన పిదప బల్లపై పరచి చూచినపుడు గోడ లోపలికి వాలి యుండును. అయ్యో, ఇది యెప్పుడు వాలినదని యాశ్చర్యపడుదురు. అది ఏ యొక్కనాడును వాలలేదు. అంచుకుట్టు తప్పిన ప్రతిసారియు వాలినది.

సంసారములును ఇట్లే వాలును. ఒకనాటి ఉదయము తీరిక లేదని ఇష్టలింగపూజ మానుదుము. మరునాడు మానుట తేలికయగును. జంగమయ్యగారు వాకిట నిలిచినపుడు రేపు రమ్మని చెప్పుదుము. వృద్ధులైన తల్లిదండ్రులకు వడ్డించు వేళ కొంచెము ఆలస్యము చేయుదుము. ఏదియు పెద్ద తప్పుగా దోపదు. అంచున నున్న కుట్టు గదా, ఎవరు చూచుచున్నారని యనుకొందుము. గోడ వాలిన పిదప కలియుగ ధర్మమనియు, పిల్లల చదువుల దోషమనియు చెప్పుకొందుము. దీనికి చికిత్స అల్లికయే చెప్పుచున్నది. ప్రతి వరుస చివరను లెక్కపెట్టుడు. తప్పినచో సిగ్గుపడక, తప్పిన వరుస వరకు దారమును లాగి విప్పి మరల అల్లుడు. క్రోషియా అల్లికలో సూదిపై నొక్క ఉచ్చే యుండును గనుక విప్పుట సులభము. ఆచారమును దిద్దుకొనుటయు ఆలస్యము చేయనిచో అంత సులభమే.

కొందరు తల్లులు అల్లుచు పంచాక్షరిని జపింపవచ్చునా యని యడుగుచుందురు. జపింపవచ్చును. నోరు మంత్రమును, వ్రేళ్లు దారమును పట్టి సాగుట మిక్కిలి మేలు. కాని జపము పేరిట కుట్టు తప్పినచో జపమునకును, కుట్టునకును రెంటికిని లోపము కలుగును. గోడ అల్లునపుడు ఒకటే రీతి గనుక జపము సాగనిండు. కప్పు తరుగు వరుసలలో లెక్కనే జపముగా భావింపుడు. చేతిపనిలో సత్యము తప్పకుండ నిలుపు మనస్సు లింగమునకు దూరమైన మనస్సు గాదు.

మరియొక రహస్యము కలదు. ఉచ్చు ఒక్కటే గనుక కడపటి ఉచ్చులో దారపుకొనను దూర్చి బిగింపనిచో, ఎంత శ్రమపడి యల్లినను ఒక్క లాగుతో మొత్తము విడిపోవును. కాయకమునకు ఆ కడపటి ముడి దాసోహము. ఎంత నేర్పుతో, ఎంత కాలము పనిచేసినను అది ‘నాది’ యని నిలిచియున్నంత వరకు ముడి పడలేదని యెరుగవలెను.

ఇదియే మూడవ లక్షణము. ఇచ్చటనే ఇంటి యాకారపు కుదురు మనలను గట్టిగా పరీక్షించును. అల్లుట ముగిసినది. తెల్లని గోడ, ఎఱ్ఱని కప్పు, ఆకుపచ్చ తలుపు. చూచినవారు మెచ్చుకొనిరి. దీనిని సాంబారు గిన్నె క్రింద నుంచుటకు మనసు రాదు. మసి యంటునేమో, పసుపు మరక పడునేమోయని భయము. శిఖరమున ఉంగరము ఉండనే యున్నది. గోడకు మేకు కొట్టి తగిలింతురు. అతిథులు వచ్చినపుడు చూపింతురు. బల్లపైని గిన్నె క్రింద మాత్రము మడతపెట్టిన పాత వార్తాపత్రిక యుండును. బంధువులారా, వేడిని మోయని కుదురు కుదురే గాదు. అది ఇంటి బొమ్మ మాత్రమే.

మన పంచాచారములలో భృత్యాచారము చివరిదానికి ముందున్నది. లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము అని లెక్క. భృత్యాచారమనగా శివభక్తులకు తాను సేవకుడనను భావముతో మెలగుట. దానికి ఇంటిలో నిత్యము కనబడు ఉపమానము కుదురే. గిన్నె దాని తలపై నుండును. వేడి యంతయు దానికే తగులును. వడ్డన వేళ ఎవ్వరును దానిని చూడరు. అన్నము మెచ్చుకొందురు, కూర మెచ్చుకొందురు. కుదురును మెచ్చుకొన్నవారు లేరు. కాని అది లేనినాడు గిన్నె నిలుచుటకు చోటు లేదు. ఇంటియాకారమున కుదురు నల్లిన తల్లి తెలిసియో, తెలియకయో ఒక పెద్ద మాట చెప్పినది: ఇల్లనగా ఒకరి వేడిని మరియొకరు మోయుచోటు.

నూలుతో గట్టు ఇంటిని గూర్చి అక్కమహాదేవి చూపిన దృష్టాంతము మీకు గుర్తుండును. ఆమె పట్టుపురుగును దృష్టాంతముగా గ్రహించినది. ఆ పురుగు తన దేహము నుండి వచ్చు దారముతోనే తన చుట్టును ఇల్లు గట్టుకొని, ఆ యింటిలోనే చిక్కి నశించును. సంసారమున గల మమకారమునకు ఇంతకంటె చక్కని యుపమానము లేదు. అట్లైనచో దారముతో ఇల్లల్లు మన యాడపడుచులును ఆ పురుగువంటివారేనా యని యెవరైన నడుగవచ్చును. దారము రెంటను దారమే. ఇల్లు రెంటను ఇల్లే. భేదము ఒక్కచోట నున్నది. పురుగు ఇంటిని తన చుట్టును అల్లుకొనును. తల్లి కుదురును ఇతరుల అన్నపు గిన్నె క్రింద నల్లును. ‘నేను, నా పిల్లలు, నా బీరువా’ యని చుట్టును అల్లుకొన్న యిల్లు పట్టుగూడు. వచ్చినవారికి వేడియన్నము పెట్టుటకై అల్లిన యిల్లు కుదురు. కల్యాణమున బసవేశ్వరుని యిల్లు మహామనెగా ప్రసిద్ధి చెందినది. దాని గోడలెంత పొడవో, స్తంభములెన్నియో ఎవరు చెప్పుకొనుచున్నారు? అక్కడ జరిగిన దాసోహమునే నేటికిని చెప్పుకొనుచున్నాము.

ఇంతవరకు అల్లువారి ధర్మమును చెప్పుకొంటిమి. ఇక అల్లింపబడిన దానిని అనుభవించువారి ధర్మమును చెప్పక తప్పదు. ఇది ముఖ్యముగా ఇంటి యజమానులను ఉద్దేశించిన మాట.

క్రోషియా అల్లిక మన తెలుగునేలకు క్రొత్తది గాదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురము ప్రాంతమున 19వ శతాబ్దమున స్కాట్లండునుండి వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఈ విద్యను అచ్చటి స్త్రీలకు నేర్పిరి. క్రమముగా అది పల్లెలకు వ్యాపించి, ‘నర్సాపురము లేసు’ అను పేరుతో విదేశములకు ఎగుమతి యైనది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఆ చరిత్రలో విచారింపదగిన భాగమొకటి కలదు. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త్రి అచ్చటి పల్లెలలో పరిశోధించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. గడప దాటుట గౌరవము గాదని యెంచు కుటుంబములలోని స్త్రీలు దినములో పెక్కు గంటలు లేసు నల్లుచుండిరి. ఆ సరకు ప్రపంచ విపణికి పోవుచుండెను. వ్యాపారము, లాభము పురుషుల చేతులలో నుండెను. అల్లిన స్త్రీలకు మాత్రము కార్మికులను పేరు గూడ లేదు. వారు గృహిణులనియు, తీరికవేళ కాలక్షేపమునకు చేయుచున్నారనియు అందరును తలచిరి. తీరికవేళ చేయుపని యను మాట వారి కూలిని తగ్గించుటకు చక్కగా ఉపకరించినదని ఆమె నిరూపించినది.

“ఊసుపోక అల్లుచున్నది” అను మన యింటి మాటకును, ఆ మాటకును భేదమేమి? అక్కడ ఆ మాట కూలిని మ్రింగినది. ఇక్కడ అది గౌరవమును మ్రింగుచున్నది. కాయకమును పూజతో సమముగా జూచు మతమున బుట్టిన మనకు ఈ దోషము ఇతరులకంటె నెక్కువగా అంటును. బయట మగవాడు చేయు పనికి కాయకమని పేరు పెట్టి, ఇంటిలో స్త్రీ చేయు పనికి కాలక్షేపమని పేరు పెట్టినచో, లింగధారణలో స్త్రీపురుష భేదము లేదన్న బసవేశ్వరుని బోధను మెడలో ధరించి చేతులతో కాదన్నట్లగును. ఆమె మెడలోని శివదారమునకు ఎంత పవిత్రత కలదో, ఆమె చేతిలోని నూలుదారమునకు అంత గౌరవము ఉండవలెను.

కేవలము మాటలతో ముగించుట ఉపన్యాసమునకు శోభ గాదు గనుక, ఆచరింపదగిన నాలుగు విషయములను మనవి చేయుచున్నాను.

మొదటిది: ఇంటిలో ఎవరు చేతిపని చేయుచున్నను దానిని కాయకమను పేరుతోనే పిలువుడు. పిలుపు మారినచో చూపు మారును. కాయకమున నున్నవారిని క్షణమునకొకమారు పనులు పురమాయించి లేపకుండుటయు అందులో నొక భాగము.

రెండవది: ఈ విద్యను కొడుకులకును నేర్పుడు. పాఠశాలలో బాలికలకు కుట్టుపని నేర్పు గంటలో బాలురను ఆటస్థలమునకు పంపుట పెక్కు తావుల అలవాటు. వస్త్రము నేసిన దాసిమయ్యయు, త్రాళ్లు పేనిన చందయ్యయు పురుషులే గదా! దారము పట్టుటవలన వారి మహిమకు లోపము కలుగలేదు. ఒక కుదురు నల్లిన బాలునికి వరుసకు 26 కుట్లు వేయుట యెంత శ్రమయో తెలియును. పెద్దవాడై తన యిల్లాలి పనిని అతడు తేలికగా మాటలాడడు.

మూడవది: అల్లినవి అమ్ముకొనువారున్నారు. అందు దోషమేమియు లేదు. కాయకముతో జీవించుట ధర్మమే. కొనువారు మాత్రము బేరమాడునపుడు లక్కమ్మను తలచుకొనవలెను. ఎక్కువ తెచ్చుకొనుట ఆమె దృష్టిలో దోషమైనచో, ఒకరి చేతిపనికి తక్కువ యిచ్చుటయు దోషమే. దారపు వెలను మాత్రమే లెక్కించి, వ్రేళ్ల శ్రమను ఉచితముగా గ్రహింపరాదు.

నాలుగవది: మొదట అల్లిన కుదురును దాసోహమునకు సమర్పింపుడు. మఠములో పంక్తి సాగునపుడు వేడి గిన్నెలను వరుసల నడుమ దించుచుందురు. పెద్ద గుండిగలకు ఇవి చాలవు గాని, వడ్డన గిన్నెలకు చాలును. రాబోవు బసవజయంతి నాటికి ఒక్కొక్క కుటుంబమువారు తలకొక కుదురును అల్లి తమ సమీప మఠమునకు సమర్పించినచో, ఆ పంక్తిలో భుజించు ప్రతివాని అన్నము క్రిందను మీ యిల్లు ఉండును.

అట్లు సమర్పించినది మసిబారును. పులుసు ఒలుకును. ఉదికినచో నూలు గనుక మొదట కొంచెము ముడుచుకొనును. కొంతకాలమునకు తలుపు రంగు వెలిసి, కప్పు చెదరి, ఇల్లని గుర్తుపట్టుటయు కష్టమగును. అప్పుడు మనసు కలుక్కుమనకుండ జేడర దాసిమయ్య చరిత్రను స్మరింపుడు. ఆయన ఎంతో శ్రమించి నేసిన వస్త్రమును జంగమరూపమున వచ్చిన శివుడు యాచించి పుచ్చుకొని, ఆయన కన్నుల యెదుటనే ముక్కలుగా చించివేసెనట. దాసిమయ్య యలుగలేదు. ఇచ్చిన పిదప అది జంగమునిది. చించుట, కట్టుకొనుట ఆయన యిష్టము. ఆ నిర్మమత్వమునకు మెచ్చి శివుడు తరుగని తవనిధిని అనుగ్రహించెనని పురాణ కథ. దాసిమయ్య యింట దుగ్గళ యున్నది, ఆమెయు శరణియే. ఆ వస్త్రపు నూలులో ఆమె చేతి శ్రమయు లేకపోయెనని ఎవరు చెప్పగలరు?

కావున తల్లులారా, మేకునకున్న కుదురును దించుడు. ఈ పూట భోజనమునకు గిన్నె క్రింద నుంచుడు. అయ్యలారా, భోజనమునకు కూర్చున్నపుడు గిన్నెను పక్కకు జరిపి, క్రింద నున్నదాని నొకమారు చూడుడు. దానిని అల్లినదెవరో పిల్లలకు చెప్పుడు. గుక్కెడు నీళ్లు ముందుగా ఆమెకిచ్చి, ఆమెను కూర్చుండుమని, మిగిలిన వడ్డన మీరు చేయుడు. ప్రసాదమున కందరును సములే గదా!

గురుబసవేశ్వరుని కరుణ మీ యిండ్లను కుదురుగా నుంచుగాక.

శరణు శరణార్థి.